ఆరవ సంఖ్య చెప్పిన పాఠం

సంఖ్య పెద్దదైనకొద్దీ దాని స్వభావాన్ని గుర్తించడం కష్టమవుతుంది. 429,49,67,297 అనే సంఖ్యను పరిశీలించండి. ఇది బేసి సంఖ్య. అంకెల మొత్తం 59 కనుక 3చే భాగింపబడదు. చివరి అంకె 7 కనుక 5చే కూడా భాగింపబడదు. అయితే ఇది ప్రధాన సంఖ్యయేనా?

2ను వర్గం చేసి, వచ్చిన ఫలితాన్ని తిరిగి వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65,536, 429,49,67,296 వరుసగా వస్తాయి. 2తో మొదలుకొని వీటిలో ఒక్కొక్కదానికి 1 కలిపితే మొదట లభించే 3, 5, 17, 257, 65,537 అనే ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరవది మన సంఖ్య. ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో విశ్వసించాడు, కాని నిరూపించలేకపోయాడు.

1732లో పాతికేళ్ల ఆయిలర్ ఈ ఆరవ సంఖ్య 641చే నిశ్శేషంగా భాగింపబడుతుందని చూపాడు. భాగఫలం 67,00,417. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి మన సంఖ్య రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమైన సంయుక్త సంఖ్య.

దీని ప్రధాన కారణాంకాన్ని 64చే భాగిస్తే శేషం 1 మిగలాలని ఆయిలర్ తరువాత నిరూపించాడు. ఈ నియమం తెలిసినవారు 193, 257, 449, 577లను పరీక్షించి, ఐదవ ప్రయత్నంలోనే 641ని చేరుకోగలరు.

ఆ ఐదు తప్ప ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య నేటివరకు లభించలేదు. ఉదాహరణలు విశ్వాసాన్ని కలిగిస్తాయి; సత్యాన్ని స్థాపించేది నిరూపణ మాత్రమే.