యాప్ మీకు నచ్చిందా, అలవాటైందా? కస్టమర్ లాయల్టీ వెనకున్న అసలు లెక్క

ఈరోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫుడ్ ఆర్డర్ చేయాలన్నా, సామాన్లు కొనాలన్నా మీ వేలు ప్రతిసారీ ఒకే యాప్ మీదకి వెళ్తుంది కదా? అది నచ్చి వెళ్తోందా, అలవాటై వెళ్తోందా? రెండూ ఒకటేలే అనుకుంటాం. కానీ మార్కెటింగ్ మీద రీసెర్చ్ చేసేవాళ్ళు ఈ రెండింటినీ వేరు చేసి చూస్తారు. ఆ తేడా మనకీ తెలిస్తే జేబులో నాలుగు డబ్బులు మిగులుతాయి.

ముందు, కొత్త టెక్నాలజీని మనం అసలు ఎందుకు వాడటం మొదలుపెడతాం? 1989లో అమెరికాకి చెందిన ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు దీన్ని రెండు ప్రశ్నలకి తెచ్చాడు. దీనివల్ల నా పని అవుతుందా? వాడటం సులువేనా? ఈ రెండిట్లో మొదటిదే ఎక్కువ బలమైనదని కూడా ఆయన చూపించాడు. మన యూపీఐనే తీసుకోండి. 2016లో వచ్చింది. చిల్లర గొడవ తీరిపోయింది, అంటే పని అయింది. స్కాన్ చేసి పిన్ కొడితే చాలు, అంటే సులువు. అందుకే కూరగాయల బండి దాకా వెళ్ళిపోయింది.

సరే, మొదలుపెట్టడం ఒక ఎత్తు. వదలకుండా ఉండటం ఇంకో ఎత్తు. దీన్నే లాయల్టీ అంటాం. 1994లో అలన్ డిక్, కునాల్ బసు అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఒక మంచి మాట చెప్పారు. మనిషి మళ్ళీ మళ్ళీ కొంటున్నాడా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, మిగతావాటితో పోలిస్తే దాన్ని నిజంగా ఇష్టపడుతున్నాడా అన్నది కూడా చూడాలి అని. ఇష్టమూ ఉండి, కొంటూ కూడా ఉంటే అది నిజమైన లాయల్టీ. పెద్దగా ఇష్టం లేకుండానే కొంటూ ఉంటే? అది ఉత్తుత్తి లాయల్టీ.

దీనికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకప్పుడు సిగ్నల్ సరిగ్గా రాకపోయినా చాలామంది సిమ్ మార్చేవాళ్ళు కాదు. ఎందుకంటే కంపెనీ మారితే నంబర్ పోతుంది. ఆ నంబరేమో చుట్టాలందరి దగ్గరా, ఆఫీసులో, బ్యాంకులో ఉంటుంది. బయటినుంచి చూస్తే వీళ్ళంతా నమ్మకమైన కస్టమర్లే! 2011 జనవరిలో దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. అదే నంబర్‌తో వేరే కంపెనీకి వెళ్ళే దారి దొరికింది. అప్పటిదాకా కట్టిపడేసింది సర్వీసు కాదు, ఆ పది అంకెలు.

మరి ఇప్పుడు యాప్ మార్చడం నిమిషం పని. మనల్ని ఎలా ఆపుతారు? ఇక్కడ ఇంకో రీసెర్చ్ చూడండి. 2006లో అచ్చయింది, చేసినవాళ్ళు జోసెఫ్ నూన్స్, జేవియర్ డ్రేజ్. ఒక కార్ వాష్ దగ్గర 300 మందికి కార్డులిచ్చారు. సగం మందికి 8 స్టాంపులు నిండితే ఒక వాష్ ఫ్రీ. మిగతా సగానికి 10 స్టాంపుల కార్డు, కానీ 2 ముందే వేసి ఇచ్చారు. లెక్క చూస్తే ఇద్దరూ చేయించాల్సింది 8 వాష్‌లే. అయినా మొదటి గుంపులో 19 శాతం మంది కార్డు పూర్తి చేస్తే, రెండో గుంపులో 34 శాతం మంది చేశారు. ‘ఇప్పటికే కొంత దూరం వచ్చేశాం’ అన్న ఫీలింగ్ పని చేసిందన్నమాట. యాప్‌లో ‘ఇంకో రెండు ఆర్డర్లు చేస్తే రివార్డ్ మీదే’ అని కనిపించినప్పుడు ఈ కార్డుని గుర్తు తెచ్చుకోండి.

పాయింట్లు ఇవ్వడం తప్పని చెప్పట్లేదు. కానీ చేరడం ఈజీగా పెట్టి, బయటికొచ్చే బటన్‌ని దాచేస్తే అది లాయల్టీ కాదు, వల. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల మోసపు డిజైన్లని గుర్తించి, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. సబ్‌స్క్రిప్షన్‌లో ఇరికించడం, అడగకుండా కార్ట్‌లో ఏదో కలిపేయడం, చివర్లో చార్జీలు బయటపెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మీకు ఎదురైతే 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు.

మరి మనం ఏం చేయాలి? మూడు పనులు. ఆర్డర్ పెట్టే ముందు ఇంకో యాప్‌లోనో, పక్క కొట్లోనో చివరి బిల్లు ఎంతో చూడండి. పాయింట్లన్నీ ఈరోజే పోతే కూడా ఇక్కడే కొంటానా అని అడగండి. సబ్‌స్క్రిప్షన్ తీసుకునే ముందే క్యాన్సిల్ ఎక్కడుందో వెతకండి.

ఆన్‌లైన్‌లో చీరలో, పచ్చళ్ళో అమ్ముతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ కూడా ఒక మాట. డిస్కౌంట్ మనిషిని ఒకసారి తీసుకొస్తుంది. పాడైన సీసాకి మారు మాట్లాడకుండా ఇంకోటి పంపిస్తే, ఆ మనిషి డిస్కౌంట్ లేని రోజు కూడా వస్తారు.

మీ ఫోన్‌లో నచ్చి వాడేవి ఎన్ని, అలవాటుగా వాడేవి ఎన్ని? లెక్కపెట్టి కామెంట్‌లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.