కాలము దాటి వచ్చిన ప్రేమ

సికింద్రాబాదు క్లాక్ టవరు 1897లో ప్రారంభమైనది. అంతకు రెండేండ్లు ముందు, 1895లో, ఇంగ్లండులో హెచ్. జి. వెల్స్ రచించిన ‘ది టైమ్ మెషీన్’ అను నవల వెలువడినది. టవరుమీది ముల్లు ఎల్లప్పుడును ముందునకే నడచును. వెల్స్ ఊహించిన యంత్రము వెనుకకు గూడ పోగలదు. ఈ కల్పనకు ప్రణయమును జోడించి పిమ్మట పలువురు నవలలు వ్రాసిరి. అట్టి కథలలోని కీలకమేమో శ్రోతలతో కొంత ముచ్చటింపదలచితిమి.

కల్పన మనకు క్రొత్తది కాదు. పోతన భాగవతము నవమ స్కంధమున కకుద్మి యను రాజు కథ కలదు. అతడు తన కుమార్తె రేవతికి తగిన వరుని తెలిసికొనుటకై ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అచ్చట గానము జరుగుచుండుటచే క్షణకాలము వేచియుండెను. పిమ్మట తన కోరిక విన్నవింపగా బ్రహ్మ నవ్వి, భూలోకమున 27 మహాయుగములు గడచినవనియు, రాజు మనసున నెంచుకొన్న వరుల మనుమల పేర్లు సైతము ఇప్పుడు వినరావనియు, కన్యను బలరామునకిమ్మనియు చెప్పెను. రాజు అట్లే చేసి బదరికాశ్రమమునకు తపస్సునకేగెను. తండ్రి యెంచిన పట్టిక చెల్లకపోయినది. కుమార్తె సంసారము అప్పుడే మొదలైనది.

వెల్స్ కథానాయకుడు 802701వ సంవత్సరమునకు పోయి, నీటిలో కొట్టుకొనిపోవుచున్న వీనా అను సుకుమారిని కాపాడును. తిరిగి వచ్చిన పిదప అతని జేబులో మిగిలినవి ఆమె ఉంచిన రెండు పూవులే. మానవుల బుద్ధిబలములు క్షీణించినను మమత మిగులునని ఆ పూవులు సూచించును.

2003లో అమెరికా రచయిత్రి ఆడ్రీ నిఫెనెగర్ ‘ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్’ ప్రకటించినది. అందులో హెన్రీ యను గ్రంథాలయోద్యోగి తన ఇచ్ఛతో నిమిత్తము లేక కాలమున ముందు వెనుకలకు జారిపోవుచుండును. అతని కొరకు క్లేర్ వేచియుండును. బాల్యమున అతని రాకయే ఆమెకు పండుగ. పెండ్లి యైన పిమ్మట ఆమె బిడ్డను కోరును, కుదురైన కాపురమును కోరును. ప్రేమ తరుగలేదు, ప్రేమ కోరునది మారినది.

ఈ మార్పును చూచుటకు యంత్రమక్కరలేదు. సికింద్రాబాదు కంటోన్మెంటు గల ఊరు. దూరపు సరిహద్దున కొలువు చేసి స్టేషనులో రైలు దిగిన సిపాయిని తలచుకొందము. అతడు వెడలిననాడు ఉయ్యాలలోనున్న బిడ్డ నేడు బడికి పోవుచున్నది. ప్రతి చిన్న పనికిని అతని మాటకై ఎదురుచూచిన భార్య ఇప్పుడు ఇంటి లెక్కలన్నియు తానే చక్కబెట్టుచున్నది. అతడు మాత్రము వెడలిననాటి ఇంటినే మనసున మోసికొని వచ్చినాడు. ఇరువురియందును దోషము లేదు. పరదేశముల నుండి సెలవుపై వచ్చు ఉద్యోగుల ఇండ్లలోను ఇదే కథ.

కావున ఇట్టి నవల చదువునపుడు యంత్రము ఎట్లు నడచెనను విచారణ కొంత తగ్గించి, తిరిగి వచ్చినవాడు గుమ్మమున నిలిచి పలికిన మొదటి మాటను గమనింతము. ‘నీవు మారిపోయితివి’ అనినచో వారి నడుమ గడచిన యేండ్లు అట్లే నిలిచియుండును. ‘నేను లేనప్పుడు నీ దినములెట్లు గడచినవి?’ అని అడిగినచో, ఆ యేండ్లు ఇరువురివియు నగును. నవలలోనే గాక మన ఇండ్లలోను ఆ ప్రశ్న అడుగవలసినదే యని మేము తలంతుము.