పిడుగుల కోసం పుట్టిన హఫ్-డఫ్

పాత ట్రాన్సిస్టర్‌లో మీడియం వేవ్ స్టేషన్ పెట్టి, రేడియోను బల్ల మీద మెల్లగా చుట్టూ తిప్పితే ఒకచోట గొంతు బాగా సన్నగిల్లుతుంది. లోపలి యాంటెన్నా కడ్డీ కొన స్టేషన్ వైపు తిరిగిందన్నమాట. తరగతిలో ఇది చూపించినప్పుడు ఒక అమ్మాయి అడిగింది: “మనం తిప్పేలోపే వాళ్లు ఆపేస్తే ఎలా సార్?” రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ కాన్వాయ్‌లను కాపాడేవారికి ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే.

బ్రిటన్‌కు తిండి, చమురు, ఆయుధాలు సముద్రం మీదుగా రావాలి. వర్తక నౌకలు యుద్ధనౌకల కాపలాలో కాన్వాయ్‌లుగా వచ్చేవి. జర్మన్ జలాంతర్గాములైన యూ-బోట్ల అధిపతి కార్ల్ డోనిట్జ్ కాన్వాయ్‌ల మీదికి వాటిని ‘తోడేళ్ల గుంపులు’గా పంపాడు. కాన్వాయ్‌ను ముందుగా చూసిన జలాంతర్గామి దూరం నుంచి వెంటాడుతూ అది ఎక్కడుందో, ఎటు పోతోందో రేడియోలో చెప్పేది. మిగతావి వచ్చి చేరాక, చీకట్లో అన్నీ కలిసి దాని మీద పడేవి. మాట్లాడకపోతే గుంపు కూడదు, మాట్లాడితే ఆచూకీ తెలిసిపోతుంది. అందుకే సందేశాలను సంకేతాల్లోకి కుదించి, అరనిమిషంలోపే ముగించేవారు. అంత తక్కువ వ్యవధిలో, అదీ ఊగే నౌక మీద, దిక్కు కనిపెట్టడం ఎవరివల్లా కాదని జర్మన్ల నమ్మకం.

ఆ పని చేసే ఉపాయం 1926లోనే అచ్చయింది, అదీ జలాంతర్గాముల కోసం కాదు. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ వాట్సన్-వాట్ ఉరుముల మేఘాలు ఎక్కడున్నాయో విమాన చోదకులకు ముందే చెప్పాలనుకున్నాడు. పిడుగు పుట్టించే రేడియో చప్పుడు సెకనులో ఎన్నోవంతో ఉంటుంది, యాంటెన్నా తిప్పే తీరికెక్కడ? అందుకని ఆయన, సహచరుడు జేమ్స్ హెర్డ్ కలిసి అసలు తిప్పడమే మానేశారు.

రెండు లూప్ యాంటెన్నాలను కదలకుండా నిలిపారు. ఒకటి ఉత్తర-దక్షిణాలుగా, రెండోది తూర్పు-పడమరలుగా. తరంగం ఉత్తరం నుంచి వస్తే మొదటిదానిలోనే విద్యుత్తు పుడుతుంది. తూర్పు నుంచి వస్తే రెండోదానిలోనే. ఈశాన్యం నుంచి వస్తే రెండింటిలోనూ సమానం. నడుమ ఏ కోణమైనా సరే, ఒకదాని వాటా ఆ కోణపు కొసైన్, రెండోదాని వాటా సైన్. ఈ రెంటినీ విడివిడిగా పెంచి కేథోడ్ కిరణ నాళానికి ఇస్తారు. మొదటిది ఎలక్ట్రాన్ పుంజాన్ని పైకీ కిందికీ లాగుతుంది, రెండోది కుడికీ ఎడమకూ. రెండు లాగుళ్లూ కలిసి తెర మీద ఏటవాలు గీత వెలుగుతుంది. ఆ వాలే తరంగం వచ్చిన దిక్కు! త్రికోణమితి లెక్కను పుంజమే చేసి చూపిస్తుంది, సంకేతం ఉన్నంతసేపూ.

దీనికి రెండు షరతులున్నాయి. రెండు రిసీవర్లూ సంకేతాన్ని ఒకే మోతాదులో పెంచాలి, ఒకే లయలో నడవాలి. లయ తప్పితే గీత కోడిగుడ్డు ఆకారంలోకి ఉబ్బుతుంది. ఇక గీతకు రెండు కొనలు కాబట్టి తరంగం ఉత్తరం నుంచి వచ్చిందో దక్షిణం నుంచి వచ్చిందో తేలదు. మూడో యాంటెన్నా సంకేతాన్ని జతచేసి ఆ సందేహం తీర్చారు.

యుద్ధం వచ్చాక ఈ యంత్రం కాపలా నౌకల మీదికి ఎక్కింది. నావికులు దాన్ని హఫ్-డఫ్ అన్నారు. తెర మీద గీత మెరవగానే ఒక నౌక ఆ దిక్కుగా దూసుకెళ్లేది. దాన్ని చూసి యూ-బోట్ నీళ్లలోకి దిగక తప్పదు. నీటిపైన అది 17 నాట్ల వేగంతో పోగలదు, నీటి అడుగున ఎక్కువసేపు నాలుగైదు నాట్లు కూడా కష్టం. కాన్వాయ్ ఏడెనిమిది నాట్లతో సాగిపోయేది, వెంటాడేది వెనకబడిపోయేది. దాన్ని ముంచనక్కర్లేదు, మునిగేలా చేస్తే చాలు.

తర్వాతి కథ త్వరగా తేలిపోయింది. సెంటీమీటరు తరంగాల రాడార్, దూరం ఎగిరే విమానాలు, జర్మన్ల ఎనిగ్మా సంకేతాల ఛేదన తోడయ్యాయి. 1943 మే నెలలో 41 యూ-బోట్లు పోయాయి, ఆ నెల 24న డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి గుంపులను వెనక్కి రప్పించాడు.

వాట్సన్-వాట్ పేరు చెబితే అందరికీ రాడారే గుర్తొస్తుంది. నాకు ఈ గీతే ఎక్కువ ఇష్టం. రాడార్ తన తరంగాన్ని బయటికి పంపాలి, దాన్ని పసిగట్టడానికి జర్మన్లు మెటాక్స్ అనే రిసీవర్ అమర్చుకున్నారు. హఫ్-డఫ్ బయటికి ఏమీ పంపదు, వింటుంది అంతే. వినేవాడి ఉనికిని పసిగట్టడం చాలా కష్టం. అందుకే తమను పట్టిస్తున్నది తమ మాటలేనని గ్రహించక, జర్మన్లు నేరాన్ని ఎక్కువగా రాడార్ మీదే మోపారు.