రెండో కన్ను దాచే చిల్లు

బిలాస్‌పూర్‌లో కంటిచూపు మీదే చాలా ఇళ్ల జీతం ఆధారపడి ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ స్థిరపడుతూ వచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో బొగ్గు రైళ్లు నడిపే లోకో పైలట్‌కు ఏ-1 కేటగిరీ చూపు ఉండాలి. వయసు పెరిగేకొద్దీ పరీక్షలు దగ్గర పడతాయి. 55 దాటితే ఏటా.

సరిగ్గా ఆ వయసులోనే పొంచి ఉండే జబ్బు మాక్యులర్ హోల్. కంటిలోని జిగురు పదార్థం కుంచించుకుపోతూ రెటీనా నట్టనడుమ ఉన్న మాక్యులాను లాగితే అక్కడ చిల్లు పడుతుంది. సైజు అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. కానీ అక్షరం చదవడం, ముఖం గుర్తుపట్టడం, దూరాన సిగ్నల్ చూడటం ఆ చోటి పనే. పక్కచూపు చెక్కుచెదరదు, లోటును రెండో కన్ను కప్పేస్తుంది. ఎప్పుడో ఒక కన్ను మూసినప్పుడు గుమ్మం వంకరగా, ఎదుటివారి ముక్కు మాయమైనట్టుగా కనిపిస్తే అప్పుడు కంగారు. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. ఇంటిపట్టున ఉండే వారిని ఏటా పరీక్షకు రమ్మనేదెవరు?

1991 ఈ జబ్బు కథను మలుపు తిప్పింది. రెటీనా పొరలను కోయకుండానే కోసినట్టు చూపే ఓసీటీ స్కాన్‌ను అమెరికా పరిశోధకులు ప్రకటించింది ఆ ఏడాదే. నయం కాదనుకున్న చిల్లులకు ఆపరేషన్ చేసి, 52 కళ్లలో 58 శాతం మూసుకున్నాయని కెల్లీ, వెండెల్ అనే వైద్యులు చూపిందీ అప్పుడే. ఇప్పుడు 400 మైక్రాన్ల లోపు చిల్లులైతే పదింట తొమ్మిదికి పైగా మూసుకుంటున్నాయి. కాకపోతే కంట్లో గ్యాస్ నింపాక కొన్ని రోజులు తల వంచుకునే ఉండమంటారు.

అయితే చిల్లు పూడటం వేరు, చూపు రావడం వేరు. కాంతిని పట్టే కణాల గీత స్కాన్‌లో తెగకుండా కనిపిస్తే ఆశ ఎక్కువ. తెగితే, చిల్లు మూసుకున్నా అక్షరాలు మసకే. ఆలస్యమయ్యేకొద్దీ ఆ గీత దెబ్బతింటుంది. చార్టులో కింది వరుసలు చదివేసిన వారికీ పట్టాలు వంకరగానే కనిపించవచ్చు.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన వారిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కానీ ఇంజిన్ దిగిన డ్రైవర్‌కు కిలోమీటర్ల లెక్కన వచ్చే భత్యం ఆగిపోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు చాలామంది వేసుకునే లెక్క అదే.