రుచి చూడకుండా పాలకోవా

దైవ నివేదన కోసం వండేవారు వంటను రుచి చూడరు. కొన్ని ఇళ్ళలో వాసన చూడటానికి కూడా పెద్దలు ఒప్పుకోరు. ఈ నియమం వల్ల పులిహోరలో ఉప్పు కాస్త తగ్గినా ఎవరూ చిన్నబుచ్చుకోరు, ఆకులో సర్దుకుంటారు. పాలకోవా విషయం అలా కాదు. రెండు నిమిషాలు ముందుగా దించితే వేలికి అంటుకునే ముద్దగా మిగిలిపోతుంది, రెండు నిమిషాలు ఆలస్యమైతే ముక్క కొరుకుడు పడదు. దీపావళి నాడు లక్ష్మీపూజకు, కృష్ణాష్టమికి ఇంట్లోనే కోవా చేసి నివేదించాలనుకునే గృహిణులు చాలామంది చివరికి దుకాణం వైపు చూడటానికి కారణం ఈ భయమే. నిజానికి నాలుక చేయవలసిన పనిని కొలత, కన్ను, చెవి, చేతివేళ్ళు చక్కగా చేయగలవు.

పాలకోవాకు ప్రసిద్ధి చెందిన ఊళ్ళు రెండింటిని చూస్తే ఇందులోని కీలకం తెలుస్తుంది. తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి అవతరించిన క్షేత్రం. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్ణించిన విల్లిపుత్తూరు అదే. ఆ ఊరి పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ ఆవుపాలలోనే పంచదార వేసి రెండింటినీ కలిపి మరిగిస్తారు. అందుకే అది మెత్తగా, ముద్దగా ఉంటుంది. శ్రీకృష్ణుని జన్మస్థలమైన మథురలో పేడా చేసే తీరు వేరు. ముందుగా కోవాను గోధుమవన్నె వచ్చేవరకు వేయించి, వేడి తగ్గిన తరువాత చక్కెర, యాలకుల పొడి కలుపుతారు. అది పలుకు పలుకుగా ఉంటుంది. దినుసులు దాదాపు అవే, చక్కెర ఎప్పుడు వేశారన్నదే తేడా.

ఇంటి పద్ధతి ఈ రెంటికీ మధ్యది. వెన్న తీయని చిక్కని పాలు 1 లీటరు తీసుకోండి. గేదెపాలైతే సుమారు 200 గ్రాముల కోవా వస్తుంది, ఆవుపాలైతే కొంచెం తగ్గుతుంది. దానికి 70 గ్రాముల పంచదార సరిపోతుంది. కోవా బరువులో మూడోవంతు చక్కెర అన్న లెక్క గుర్తుంచుకుంటే తీపి రుచి చూడవలసిన అవసరమే రాదు. పాత్ర అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉండాలి. నీరు ఆవిరయ్యేది పాల పైభాగం నుండే కనుక లోతైన గిన్నెలో గంటన్నర పట్టే పని వెడల్పాటి మూకుడులో ముప్పావు గంటలో అవుతుంది.

పాలు పొంగిన తరువాత మంటను మధ్యస్థంగా ఉంచి, అట్లకాడతో అడుగును, అంచులను గీకుతూ కలపాలి. అంచులకు కట్టే మీగడను ఎప్పటికప్పుడు పాలలోకి తోయండి, ఆరిపోతే అది గట్టి పొరలై చివరికి పంటికి తగులుతుంది. మొదటి అరగంట పెద్దగా గమనించవలసినది లేదు. పాలు నాలుగో వంతుకు దిగినప్పుడు చెవి ఒగ్గండి. అంతవరకు గలగలమన్న మరుగుడు మందగించి, బుడగలు తుక్‌తుక్‌మని పగులుతాయి, చిట్లి చేతిమీద పడతాయి కూడా. పంచదార వేయవలసింది అప్పుడే. వేయగానే చిక్కబడిన కోవా మళ్ళీ పలుచబడుతుంది. అంతా పాడైందని తొలిసారి చేసేవారు కంగారుపడేది ఇక్కడే. చక్కెర కరిగి పాకమైనందువల్ల కలిగిన పలుచదనమది, ఏడెనిమిది నిమిషాలలో సర్దుకుంటుంది.

ఇక దించే సమయం. అట్లకాడతో మధ్యలో గీత గీస్తే మూకుడు అడుగు కనబడి, గీత వెంటనే పూడుకోకుండా నిలవాలి. ముద్ద అంచులను వదలి, అట్లకాడ వెంట ఒకటిగా కదలాలి. అంచుల వద్ద నెయ్యి మెరుపు తేలాలి. అప్పటికీ సందేహముంటే చల్లని స్టీలు పళ్ళెంలో బఠాణీగింజంత వేసి ఒక నిమిషం ఆగి, శుభ్రమైన తడిలేని వేళ్ళతో ఉండ చేయండి. వేలికి అంటకుండా ఉండ కడితే దించవచ్చు. ఆ ఉండను నోట వేసుకోకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

దించిన వెంటనే ఆత్రంగా మెదపకండి. పాకం బాగా వేడిగా ఉన్నప్పుడు కలియబెడితే చక్కెర కొద్దిచోట్ల పెద్ద పెద్ద పలుకులుగా కట్టి ఇసుకలా తగులుతుంది. గోరువెచ్చన అయ్యేవరకు కదపకుండా ఉంచి, ఆ తరువాత రెండు మూడు నిమిషాలు గట్టిగా మెదిపితే లెక్కలేనన్ని సన్నని పలుకులు ఒక్కసారిగా ఏర్పడి ముక్క వెన్నలా కరుగుతుంది. ఈ ఓపిక ఒక్కటే దుకాణపు కోవాకు, ఇంటి కోవాకు గల దూరాన్ని చెరిపివేస్తుంది.

సుగంధ ద్రవ్యాలను మెదిపే వేళ వేయాలి. యాలకుల పరిమళం మంటమీద ఎగిరిపోతుంది కనుక నాలుగైదు కాయల గింజలను అప్పటికప్పుడు నూరి చివర్లోనే కలపండి. కుంకుమపువ్వు మాత్రం పదిరేకులు ముందుగానే రెండు చెంచాల వేడి పాలలో నానబెట్టి, ఆ పాలతో సహా పంచదార వేసేటప్పుడు పోయాలి. జాజికాయ గంధంలా అరగదీసి చిటికెడు చాలు, ఎక్కువైతే చేదు. చలికాలంలో పావుచెంచా శొంఠిపొడి బాగుంటుంది. పచ్చి అల్లం రసం మాత్రం వద్దు, అది పాలను విరుస్తుంది. నా మట్టుకు యాలకులు, జాజికాయ చాలు. అన్నీ కలిపితే ఏదీ తెలియదు.

పచ్చకర్పూరం వేసే ఆచారమున్నవారు ఒక మాట శ్రద్ధగా గమనించాలి. హారతి కర్పూరం బిళ్ళ ఆహార పదార్థం కాదు. అది కడుపులోకి పోతే విషం, పసిపిల్లలకు కొద్దిపాటి మోతాదు కూడా మూర్ఛలు తెప్పించి ప్రాణాంతకం కావచ్చు. పూజ అలమరలో రెండూ పక్కపక్కన ఉండే ఇళ్ళలో పండుగ హడావిడిలో ఒకదానికి బదులు మరొకటి చేతికి రావడానికి ఎంతోసేపు పట్టదు. తినడానికి తగినదని పొట్లంపై స్పష్టంగా ఉన్న పచ్చకర్పూరమే వాడాలి, అదీ లీటరు పాలకు ఆవగింజంత మాత్రమే. చంటిపిల్లలున్న ఇంట అసలు మానివేయడమే మేలు.

పంచదార బదులు బెల్లం వేయాలనుకునేవారు దానిని మరిగే పాలలో వేయకూడదు. బెల్లంలోని పులుపు పాలను విరుస్తుంది. కోవా పూర్తిగా తయారై, వేడి తగ్గిన తరువాత సన్నగా తరిగిన బెల్లాన్ని మెదుపుతూ కలపాలి.

గంటసేపు నిలబడలేనివారికి, మంచి పాలు దొరకని దూరదేశాలలో ఉన్నవారికి పాలపొడి మార్గముంది. రెండు కప్పుల పాలపొడి, ముప్పావు కప్పు పాలు, అరకప్పు పంచదార, మూడు చెంచాల నెయ్యి ఉండలు లేకుండా కలిపి సన్నని మంటమీద పది పన్నెండు నిమిషాలు తిప్పితే చాలు, దించే గుర్తులు మాత్రం అవే. టీకి వాడే పొడులు కొన్నింటిలో చక్కెర ముందే ఉంటుంది, పొట్లం చదివి పంచదార తగ్గించుకోండి. బజారు కోవా కొని చేసేవారు పండుగ రోజులలో పిండి కలిసిందేమో చూసుకోవాలి. కొద్దిగా కోవాను నీటిలో మరిగించి చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ వేస్తే నీలిరంగు వచ్చినది పిండి కలిసిన కోవా.

మెదిపిన ముద్దను నెయ్యి రాసిన పళ్ళెంలో అరంగుళం మందాన పరచి, వెచ్చగా ఉండగానే కత్తితో గాట్లు పెట్టి, మూడు నాలుగు గంటలు వదిలివేయండి. లీటరు పాల కోవా 24 చిన్న ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో మనం వేసిన పంచదార సుమారు 3 గ్రాములు. మధుమేహమున్న పెద్దలకు ప్రసాదం పంచేటప్పుడు ఈ లెక్క పనికివస్తుంది. బయట ఉంచితే మరునాటికి ముగించాలి, శీతలపెట్టెలో నాలుగు రోజులుంటుంది.

మూకుడు అడుగున ఎర్రగా అంటుకున్న గోకుడు కోసం పిల్లలు వంటింటి గడపలో కాచుకుని ఉంటారు. నివేదన పూర్తయ్యేవరకు మూకుడుపై మూత పెట్టి ఉంచండి, అప్పటికది కొంచెం మెత్తబడి తేలికగా ఊడివస్తుంది కూడా.