ఈత నేర్పు గురువు

ఈత అనగా చేతుల బలమని మనలో చాలమంది తలంతురు. కండలు తిరిగినవాడే మంచి ఈతగాడనియు, అవయవలోపము గల పిల్లవాడు ఒడ్డున కూర్చుండి చూడవలసినవాడనియు పెద్దలు ముందుగనే నిర్ణయించుచుందురు. పిల్లవాని నడుమునకు సొరకాయబుర్రనో, బెండునో కట్టి బావిలోనికి దింపిన మన తాతలు మాత్రము ఇట్లు తలచియుండరు. మొదట నీటిపై తేలుట, పిదప భయము విడుచుట, ఆ తరువాతనే బారలు వేయుట వారు నేర్పిన క్రమము. అందు బలమునకు చోటు చివరనే. నేటి ఈత శాస్త్రమును ఇంచుమించు ఇదే చెప్పుచున్నది. ఆ శాస్త్రమును తమ దేహముతోనే పరీక్షించి తెలిసికొన్నవారు పారాలింపిక్ ఈతగాండ్రు. అట్టివారు పిల్లలకు గురువులైనప్పుడు ఏమి నేర్పగలరో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పారాలింపిక్ క్రీడలను గూర్చి రెండు మాటలు. రెండవ ప్రపంచయుద్ధమున వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేయుచుండిన లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు 1948లో ఇంగ్లండునందలి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వారికొరకు పోటీలు ఏర్పరచెను. వాని నుండి పెరిగినవే ఈ క్రీడలు. 1960లో రోము నగరమున జరిగిన మొదటి పారాలింపిక్ క్రీడలలోనే ఈత పోటీలు ఉండెను.

మన కర్ణాటక రాష్ట్రముననే ఇందుకు చక్కని ఉదాహరణము కలదు. బెంగళూరు వాస్తవ్యులగు శ్రీ శరత్ గాయక్వాడ్ గారికి పుట్టుకతోనే ఎడమచేయి పూర్తిగా ఎదగలేదు. బడిలో ఈత నేర్చుటతో వారి ప్రయాణము మొదలయ్యెను. జాన్ క్రిస్టఫర్ గారు వారికి శిక్షకులు. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో వారు కాంస్య పతకము గెలిచిరి. 2012లో లండను పారాలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఈదిరి. 2014లో దక్షిణ కొరియాలోని ఇంచియోన్ నగరమున ఒక రజతము, ఐదు కాంస్యములు, వెరసి ఆరు పతకములు సంపాదించిరి. 1986 సియోల్ ఆసియా క్రీడలలో శ్రీమతి పి.టి. ఉష గారు గెలిచిన పతకములు ఐదు. ఆ సంఖ్యను దాటిన ఘనత వీరికి దక్కెను. 2015లో అర్జున పురస్కారము లభించినది. పోటీలు విరమించిన పిదప వారు శిక్షకులై, యువ ఈతగాండ్రను తీర్చిదిద్దు పనికి పూనుకొనిరి. మా దృష్టిలో ఆరు పతకములకంటె ఇది తక్కువ విషయము కాదు.

ఒక చేయి పూర్తిగా లేనివారు రెండు చేతులున్న పిల్లలకు నేర్పగలరా యని ఎవరైన అడుగవచ్చును. ఇందుకు సమాధానము నీటిలోనే ఉన్నది. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. నేలపై పరుగెత్తునప్పుడు గాలి మనలను ఆపుచున్నట్లే తోచదు. నీటిలోనైతే ప్రతి అంగుళమును అడ్డగింపే. అంతేకాదు, వేగము రెట్టింపు కావలెనన్నచో నీటి నిరోధము ఇంచుమించు నాలుగు రెట్లగును. కావున బలము పెంచుకొని నీటితో పోరాడువానికంటె, దేహమును సన్నగా, తిన్నగా అమర్చి నీటికి అడ్డము తగ్గించుకొన్నవాడు ముందుకు పోవును. రెండు చేతులున్న పిల్లవాడు తప్పుగా ఈదినను బలముతో కొంతదూరము నెట్టుకొని పోగలడు. తన తప్పు అతనికి తెలియదు. ఒక చేతితో ఈదువానికి ఆ సౌకర్యము లేదు. తప్పు జరిగిన తక్షణమే నీరు అతనికి తెలియజేయును. అందుచేత అతడు ప్రతి కదలికకును కారణము వెదకి తెలిసికొనక తప్పదు. కారణమెరిగినవాడు ఇతరులకు చెప్పగలడు.

తుంగభద్రలో పుట్టి నడపువారిని చూచినవారికి ఇది సులభముగ బోధపడును. గుండ్రని ఆ పుట్టిని ఒకే వైపున తెడ్డుతో నెట్టినచో అది ముందుకు పోక గిరగిర తిరుగును. ఒక చేయి మాత్రమే బార వేయునప్పుడు దేహమునకును ఇదే గతి పట్టవలెను. కాని పట్టదు. ఏలయన, ఈతగాడు తల కదలనీయక నిలుపును, నడుమును బిగించి పట్టును, బార వేయు క్షణమునకు సరిగా సరిపోవునట్లు కాళ్ళు ఆడించి దేహమును తిన్నగా ఉంచుకొనును. కాళ్ళు ఆడించుట మోకాలినుండి కాక తొడ మొదటినుండి జరుగవలెనని శిక్షకులు పదేపదే చెప్పుదురు. మోకాలినుండి తన్నువాడు సైకిలు త్రొక్కినట్లు నీటిని క్రిందకు త్రోయునేగాని వెనుకకు త్రోయడు. ఇంకొక సంగతి. రెండు చేతులూ గల పిల్లలచేత సయితము శిక్షకులు ఒక చేతిని ముందుకు చాచి నిలిపించి, రెండవ చేతితో మాత్రమే బారలు వేయించు అభ్యాసము లోకమంతట ఉన్నది. పారాలింపిక్ ఈతగాని నిత్యకృత్యము ఇతరులకు పాఠముగ నున్నదన్నమాట!

తరువాతిది తేలుట. మన రొమ్ములోని ఊపిరితిత్తులు గాలితో నిండి పైకి తేలును. తొడలు, కాళ్ళు బరువై క్రిందకు దిగును. తక్కెడవలె దేహము ఒరిగి, కాళ్ళు నీటికి అడ్డముగా నిలుచును. భయపడిన పిల్లవాడు మొగము పైకెత్తును. తల ఎత్తిన కొలది కాళ్ళు మరింత మునుగును. ఆ పిల్లవానితో ‘భయపడకు’ అని నూరుసార్లు చెప్పుటకంటె, ‘కొలను అడుగున ఉన్న గీతను చూడుము’ అని ఒకసారి చెప్పుట మేలు. చూపు దిగిన తల తనంతట తానే దిగును. కాళ్ళు పైకి వచ్చును.

ఇక శ్వాస. కన్నడమున దీనిని ఉసిరు అందురు. మన ఉసురు అదే మాట. శిక్షకుడు కన్నడమున చెప్పినను, ఆంగ్లమున చెప్పినను, ఈ ఒక్క మాట మన పిల్లలకు తెలియకపోదు. క్రొత్తవారు నీటిలో మొగముంచి ఊపిరి బిగబట్టుదురు. తల త్రిప్పినప్పుడు ఆ బిగబట్టినది వదలి, మరల పీల్చుకొనుటకు వ్యవధి చాలదు. రెండు మూడు బారలలోనే ఆయాసము వచ్చును. నీటిలో నున్నంతసేపు ముక్కునుండి మెల్లగా బుడగలు వదలుచు, తల ప్రక్కకు తిరిగినప్పుడు నోటితో పీల్చుట మాత్రమే చేయవలెను. తల ఎత్తరాదు, త్రిప్పవలెను; ఒక కన్ను నీటిలోనే ఉండవలెను.

నైపుణ్యమును గూర్చి ఇంత చెప్పితిమి. మనస్సును గూర్చి చెప్పునప్పుడు ఉపన్యాసములకంటె పారాలింపిక్ పోటీల ఏర్పాటే ఎక్కువ బోధించును. అక్కడ ఈతగాండ్రను వారి సామర్థ్యమును బట్టి తరగతులుగా విభజింతురు. ఎస్ 1 నుండి ఎస్ 10 వరకు శారీరక లోపము గలవారికి. అంకె తగ్గిన కొలది లోపము ఎక్కువ. ఎస్ 11 నుండి ఎస్ 13 వరకు చూపు లోపించినవారికి. ఎస్ 14 బుద్ధిమాంద్యము గలవారికి. కొయ్యకాలు వంటి కృత్రిమ అవయవములు కొలనులో ధరింపరాదు. చూపు లేనివారు గోడను సమీపించుచుండగా ఒడ్డుననున్న సహాయకుడు మెత్తని కొన గల కర్రతో తట్టి తెలుపును. ఇట్టి చోట పెరిగిన ఈతగాడు ప్రక్కవానిని చూచి ఏడ్చుట మానును. నిన్నటి తన కాలమెంత, నేటిదెంత, కొలను దాటుటకు నిన్న ఎన్ని బారలు పట్టెను, నేడెన్ని యని లెక్కించుకొనును. ఈ లెక్క ఏ పిల్లవానికైనను పనికివచ్చును. తరగతిలో చివరి మార్కు వచ్చిన బాలునికి మరింత పనికివచ్చును.

శ్రీ మురళీకాంత్ పేట్కర్ గారి పేరు చాలమంది వినియుందురు. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లావారు. సైన్యమున మల్లయుద్ధము కాదు, ముష్టియుద్ధము చేసినవారు. 1965 యుద్ధమున తుపాకిగుండ్లు తగిలి నడుము క్రిందిభాగము చచ్చుపడెను. చికిత్సకై మొదలిడిన ఈత వారిని 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గు నగరమునకు చేర్చెను. అక్కడ 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతను 37.33 సెకనులలో ముగించి స్వర్ణపతకము గెలిచిరి. పారాలింపిక్ క్రీడలలో మన దేశమునకు అదే మొదటి స్వర్ణము. 2018లో పద్మశ్రీ వచ్చుటకు నలుబదియారేండ్లు పట్టినదన్న సంగతి మాత్రము మమ్ము కొంత బాధించినది. దక్షిణాఫ్రికా యువతి నటాలీ డు టాయిట్ 2001లో రోడ్డు ప్రమాదమున ఎడమకాలు పోగొట్టుకొనెను. 2008లో బీజింగులో పారాలింపిక్ క్రీడలలోనే కాక, సామాన్య ఒలింపిక్ క్రీడలలోను 10 కిలోమీటర్ల ఈతకు దిగి, అవయవలోపము లేనివారి నడుమ పదునారవ స్థానమున నిలిచెను.

తల్లిదండ్రులతో ఒక మాట. వ్యాయామపు గంటలో అంగవైకల్యము గల బాలుడు చెట్టునీడను తోటివారి చెప్పులకు, పుస్తకములకు కాపలాగా కూర్చుండుట మనము ఎన్ని బడులలో చూచుటలేదు! అది దయ యని తలచి మనమే అట్లు కూర్చుండబెట్టుచున్నాము. నేలపై కుంటునట్టి పిల్లవానికి నీరు తన బరువును మోసి పెట్టును. అచ్చట వానికి పడుదునన్న భయము లేదు. మూర్ఛ, గుండెజబ్బు, చెవిలో చీము వంటివి ఉన్నచో వైద్యుని అనుమతి లేక నీటిలోనికి దింపరాదు. ఇవి లేనియెడల, ‘మావాడు ఈదలేడు’ అని చెప్పుటకు ముందు శిక్షకునికి ఒకసారి చూపుడు.

అయితే కాలువలలో, పారెడు నీటిలో నేర్చుకొనబోరాదు. ప్రవాహము పైకి కనబడినదానికంటె లోన బలముగ నుండును. గచ్చు చేసిన కాలువగట్టు పాచిపట్టి చేతికి పట్టు దొరకనీయదు. లోతు తెలిసిన నిలుకడ నీరు, చేయి చాచినంత దూరములో ఈత వచ్చిన పెద్దవారు ఉండవలెను. దగ్గరలో ఈతకొలను లేనివారు ఇంటిలోనే శ్వాసను అభ్యసింపవచ్చును. వెడల్పైన గంగాళమున నీరు నింపి, పెద్దవారు ప్రక్కన నిలువగా, పిల్లవాడు మొగముంచి ముక్కునుండి బుడగలు వదలుచు మనస్సులో ఐదు లెక్కించి, తల ప్రక్కకు త్రిప్పి నోటితో పీల్చవలెను. దినమునకు పది పర్యాయములు చాలును. వారము దినములు గడచిన పిదప ఐదును ఎనిమిది చేయవచ్చును. పని ముగియగనే గంగాళమును బోర్లించుట మరువరాదు.