పైపూతే కదా అని ఆయింట్‌మెంట్ తెగ రాస్తున్నారా? ఒంట్లోకి ఏం వెళ్తుందో చూడండి

కాటారం: రోజంతా వంగి పత్తి ఏరినా, మిర్చి తెంపినా సాయంత్రానికి నడుం పట్టేయడం ఈ వైపు కొత్తేం కాదు. వెంటనే చెయ్యి బామ్ డబ్బా మీదికే పోతుంది. తగ్గకపోతే ఇంకోసారి, పడుకునే ముందు మరోసారి. మింగే బిళ్లకైతే లెక్క చూసుకుంటాం, పైపూతకు చూసుకోం. చిక్కంతా అక్కడే.

2007 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో 17 ఏళ్ల రన్నర్ ఒకమ్మాయి చనిపోయింది. కాళ్ల నొప్పులకు క్రీమ్‌తో పాటు నొప్పి పట్టీలు కూడా వాడేది. ఒంట్లో మిథైల్ సాలిసిలేట్ మోతాదు మించిపోయిందని పోస్ట్‌మార్టంలో తేలింది. ఇలాంటి మరణాలు చాలా అరుదు. కానీ అదే మందు మన ఇళ్లలోని చాలా జెల్‌లు, బామ్‌లలో ఉంది.

ఆ ఘాటు వాసన దీనిదే. ఇది ఆస్పిరిన్ జాతి మందు. 30 గ్రాముల ట్యూబ్‌లో 10 శాతం ఉంటే 3 గ్రాములన్నమాట. ఆస్పిరిన్ లెక్కలో 325 మిల్లీగ్రాముల బిళ్లలు పదికి పైనే! రాసిందంతా రక్తంలోకి పోదు. అయితే పైన గుడ్డ గట్టిగా కట్టినా, వేడి కాపడం పెట్టినా, రాసుకుని మళ్లీ చెమటోడ్చి పని చేసినా ఎక్కువగా పోతుంది. చర్మం కూడా కాలొచ్చు. కోసుకుపోయిన చోట అసలే రాయొద్దు.

మోతాదు మించితే చెవుల్లో గుయ్‌మని మోత, వాంతులు, ఆయాసం, చెమటలు, మగత కనిపిస్తాయి. ఎండాకాలం వడదెబ్బేమో అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

గుండె జబ్బుకు రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందు వాడే పెద్దవాళ్లకు ఈ పూతలతో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రాసే ముందు డాక్టర్‌ను అడగాలి.

పిల్లల విషయం ఇంకా సీరియస్. మిథైల్ సాలిసిలేట్‌తో నిండి ఉండే వింటర్‌గ్రీన్ నూనె ఒక్క టీస్పూన్ సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. చిన్నపిల్లలు అంతకంటే తక్కువ మింగినా ప్రాణం పోవచ్చు. బామ్‌లోని కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి.

మింగితే వాంతి చేయించొద్దు. దీనికి ప్రత్యేకంగా విరుగుడు లేదు. సెలైన్‌లో బైకార్బొనేట్ ఎక్కిస్తారు, విషమిస్తే డయాలసిస్ చేస్తారు. ఇవి ఇంట్లో అయ్యేవి కావు కాబట్టి వెంటనే 108కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబో డబ్బానో వెంట తీసుకెళ్లండి, ఏ మందు ఎంత శాతం ఉందో డాక్టర్‌కు దాని మీదే దొరుకుతుంది.